గేమ్ ఒకరిది, అంగడి మరొకరిది: డెవలపర్లకూ ప్లాట్‌ఫామ్‌లకూ మధ్య చిక్కుముడి

2011 డిసెంబరులో అమెరికాకు చెందిన జింగా కంపెనీ స్టాక్ మార్కెట్లోకి వచ్చింది. ఫార్మ్‌విల్ అనే వ్యవసాయపు ఆటతో అప్పటికే ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న ఆ సంస్థ, వాటాలు కొనబోయేవారికి ఇచ్చిన పత్రాల్లో తన ఆదాయంలో 90 శాతానికి పైగా ఫేస్‌బుక్ ద్వారానే వస్తోందని రాసుకుంది. రెండు నెలల తర్వాత, 2012 ఫిబ్రవరిలో, ఫేస్‌బుక్ కూడా తన పబ్లిక్ ఇష్యూ కోసం పత్రాలు దాఖలు చేసింది. అంతకుముందు ఏడాది తన ఆదాయంలో దాదాపు 12 శాతం జింగా వల్ల వచ్చిందని అందులో ఉంది. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. విడిపోతే ఇద్దరికీ నష్టమే, కానీ ఒకరికి అది ఒక చెడ్డ త్రైమాసికం, మరొకరికి ఉనికికే ముప్పు.

జింగా ఎదిగిన తీరులోనే ఆ ముప్పు దాగి ఉంది. ఆట ఆడుతున్నవారి పొలంలో పంట పండినా, ఆవు తప్పిపోయినా, ఆ సంగతి వారి స్నేహితులందరికీ ఫేస్‌బుక్‌లో కనిపించేది. ప్రకటనలకు పెద్దగా ఖర్చు లేకుండానే కోట్ల మంది ఆటలోకి వచ్చారు. ఆ సందేశాల వెల్లువతో ఆట ఆడనివారు విసిగిపోతున్నారని గ్రహించిన ఫేస్‌బుక్, 2010లో వాటికి కత్తెర వేసింది. ఆ నిర్ణయం ఫేస్‌బుక్ వాడకందారుల వైపు నుంచి చూస్తే న్యాయమైనదే. 2011 జులై నుంచి ఆటల్లో చెల్లింపులన్నీ తన సొంత డిజిటల్ నాణేలైన ఫేస్‌బుక్ క్రెడిట్స్ ద్వారానే జరగాలని, అందులో 30 శాతం తనకు రావాలని నిబంధన పెట్టింది. జింగాకు ఉన్న ప్రత్యేక ఒప్పందం 2012 నవంబరులో సడలిపోయి, 2013 నుంచి అది కూడా మిగతా డెవలపర్లలో, అంటే గేమ్‌లు తయారు చేసే సంస్థల్లో, ఒకటిగా మారింది. ఈలోగా జనం కంప్యూటర్ వదిలి ఫోన్ వైపు మళ్లారు. 2013 జూన్‌లో జింగా 520 మంది ఉద్యోగులను తొలగించింది.

వీడియో గేమ్‌ల వ్యాపారం గురించి ఎక్కడ చర్చ వచ్చినా అది ప్లాట్‌ఫామ్‌లు తీసుకునే 30 శాతం కమీషన్ దగ్గర మొదలై అక్కడే ఆగిపోతుంది. కమీషన్ చిన్న విషయమని నేను అనను. అయితే అది ముందే తెలిసిన ఖర్చు, దాన్ని లెక్కలో వేసుకుని ధర పెట్టుకోవచ్చు. డెవలపర్‌ను నిజంగా లొంగదీసేవి మరో రెండు అధికారాలు. ఏ గేమ్ ఎవరి కంటపడాలో నిర్ణయించే అధికారం ఒకటైతే, ఆట మొదలయ్యాక నిబంధనలు మార్చే అధికారం రెండోది. జింగా కథలో ఈ రెండూ ఉన్నాయి. ఆ తర్వాత వచ్చిన దాదాపు ప్రతి వివాదంలోనూ ఇవే కనిపిస్తాయి.

తాళం చిప్పు నుంచి మొదలైన కథ

ప్లాట్‌ఫామ్ అంటే ఒక్క వస్తువు కాదు. ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్, స్విచ్ లాంటి కన్సోళ్లు, అంటే ఆటల కోసమే చేసిన యంత్రాలు, ఒక అంచె. స్టీమ్, ఆపిల్ యాప్ స్టోర్, గూగుల్ ప్లే లాంటి అమ్మకపు వేదికలు మరో అంచె. గేమ్‌ను నిర్మించడానికి వాడే యూనిటీ, అన్‌రియల్ లాంటి సాఫ్ట్‌వేర్ ఇంజన్లు వాటి కింద మరో అంచె. ఒక చిన్న స్టూడియో తన తొలి గేమ్‌ను విడుదల చేసేసరికి కనీసం మూడు నాలుగు కంపెనీల ఒప్పంద పత్రాలకు తల ఊపి ఉంటుంది.

ఈ అదుపు మొదట్లో లేదు. 1977లో వచ్చిన అటారి 2600 కన్సోల్‌కు మొదట అటారి మాత్రమే గేమ్‌లు చేసేది. గేమ్‌పై తమ పేరు వేయడం లేదని, అమ్మకాల్లో వాటా ఇవ్వడం లేదని నొచ్చుకున్న నలుగురు అటారి ప్రోగ్రామర్లు బయటికి వచ్చి 1979లో యాక్టివిజన్ స్థాపనలో పాలుపంచుకున్నారు. కన్సోల్ ఒకరిది, గేమ్ మరొకరిది అనే ఏర్పాటు అక్కడ మొదలైంది. అటారి కోర్టుకు వెళ్లినా, చివరికి 1982లో రాజీ కుదిరి, బయటి కంపెనీలు గేమ్‌లు చేసుకోవడం మామూలైపోయింది. ఆ తర్వాత తలుపులు బార్లా తెరుచుకున్నాయి. ఆటలు చేయడం రానివారు కూడా క్యాట్రిడ్జ్‌లు (కన్సోల్‌లో పెట్టే గేమ్ డబ్బాలు) అచ్చొత్తి దుకాణాలకు తోలారు. అమ్ముడుపోని సరుకు కుప్పలుగా పేరుకుపోయి, 1983లో అమెరికా మార్కెట్ కుప్పకూలింది.

నింటెండో ఆ శిథిలాల నుంచి పాఠం నేర్చుకుంది. 1985లో అమెరికాలో అడుగుపెట్టిన దాని కన్సోల్‌లో ఒక తాళం చిప్పు ఉండేది. క్యాట్రిడ్జ్‌లో దానికి జత అయిన చిప్పు లేకపోతే గేమ్ నడవదు. ఆ చిప్పు కావాలంటే లైసెన్స్ తీసుకోవాలి. లైసెన్స్ తీసుకుంటే ఏడాదికి ఐదు గేమ్‌లకు మించి విడుదల చేయకూడదు, ఆ గేమ్‌ను రెండేళ్లపాటు మరో కన్సోల్‌కు ఇవ్వకూడదు, క్యాట్రిడ్జ్‌లను నింటెండో చేతే తయారు చేయించుకుని డబ్బు ముందే కట్టాలి. గేమ్ అమ్ముడుపోకపోతే నష్టం డెవలపర్‌దే, నింటెండో సొమ్ము మాత్రం అప్పటికే దాని చేతికి చేరి ఉంటుంది. కొనామీ లాంటి పెద్ద సంస్థ ఐదు గేమ్‌ల పరిమితిని దాటడానికి అల్ట్రా గేమ్స్ అనే మరో పేరుతో కంపెనీ పెట్టుకోవాల్సి వచ్చింది.

నింటెండోను ఇక్కడ దోషిగా మాత్రమే నిలబెట్టడం సరికాదని నేను అనుకుంటాను. నాసిరకం సరుకు మార్కెట్‌ను ముంచడం అప్పటికి రెండేళ్ల కిందటి ముచ్చటే. కొనేవారికి మళ్లీ నమ్మకం కలగాలంటే ఎవరో ఒకరు గుమ్మం దగ్గర నిలబడాల్సిందే. చిక్కంతా ఎక్కడంటే, నాణ్యత కోసం పెట్టిన తాళమే బేరానికి ఆయుధమైంది. ఈనాటికీ ప్రతి ప్లాట్‌ఫామ్ తన నిబంధనలను సమర్థించుకునేటప్పుడు భద్రత, నాణ్యత అనే మాటలనే ముందుకు తెస్తుంది. ఆ మాటల్లో నిజం ఉంటుంది, వాటి వెనుక వ్యాపార ప్రయోజనమూ ఉంటుంది. ఏ నిబంధనలో ఏది ఎంతో తేల్చడానికే కోర్టులకు ఏళ్లు పడుతున్నాయి.

డెవలపర్ చేతిలో కూడా ఒక ఆయుధం ఉంది. అది ఇంకో ప్లాట్‌ఫామ్. 1990లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థ సెగా జెనెసిస్ కన్సోల్‌ను విప్పి, దాని పనితీరును తానే తెలుసుకుని, లైసెన్స్ లేకుండానే గేమ్‌లు విడుదల చేస్తామని బెదిరించి, మిగతావారి కంటే చౌకైన ఒప్పందం సాధించింది. స్క్వేర్ సంస్థ తన ఫైనల్ ఫాంటసీ సిరీస్‌ను ఏళ్ల తరబడి నింటెండోకే ఇచ్చింది. నింటెండో 64 మాత్రం క్యాట్రిడ్జ్‌లనే పట్టుకుని కూర్చోవడంతో, సీడీలు వాడే సోనీ ప్లేస్టేషన్‌కు తరలిపోయింది. 1997లో వచ్చిన ఆ సిరీస్ ఏడో గేమ్ మూడు సీడీల నిండా ఉంది. క్యాట్రిడ్జ్‌లో అంత చోటు లేదు, పైగా దాని తయారీ ఖర్చు ఎక్కువ. కొత్తగా వచ్చిన సోనీకి పేరున్న గేమ్‌లు అవసరం. ప్లాట్‌ఫామ్‌లు తమలో తాము పోటీ పడే ఇలాంటి సమయాల్లోనే డెవలపర్ మాట చెల్లుతుంది. పోటీ ముగిసి ఒకరు గెలిచాక ఆ మాట విలువ పడిపోతుంది.

స్టీమ్‌పై ఒక గేమ్ బతుకు

కంప్యూటర్ గేమ్‌లలో అలా గెలిచింది వాల్వ్ సంస్థ నడిపే స్టీమ్. 2003లో మొదలైన ఈ స్టోర్‌లో గేమ్ పెట్టడానికి ఇప్పుడు ఎవరి అనుమతి కోసమూ కాళ్లరిగేలా తిరగనక్కరలేదు. 2017 నుంచి గేమ్‌కు 100 డాలర్ల రుసుము కడితే, ప్రాథమిక పరిశీలన తర్వాత పేజీ తెరుచుకుంటుంది. నింటెండో తాళంతో పోలిస్తే ఇది పూర్తి స్వేచ్ఛలా కనిపిస్తుంది. ఈ స్వేచ్ఛ ఫలితంగానే 2024 ఒక్క ఏడాదిలో స్టీమ్‌లోకి 18 వేలకు పైగా గేమ్‌లు వచ్చాయి. రోజుకు సుమారు 50 అన్నమాట.

మన దేశంలో రూ.500 ధర పెట్టిన గేమ్ ఒకటి అమ్ముడుపోయిందనుకుందాం. అందులో 18 శాతం జీఎస్టీ కలిసే ఉంటుంది కాబట్టి, పన్ను పోగా దాదాపు రూ.424 మిగులుతుంది. అందులో స్టీమ్ వాటా 30 శాతం, అంటే సుమారు రూ.127. డెవలపర్‌కు వచ్చేది రూ.297. ప్రచురణ సంస్థ ఉంటే దాని వాటా ఇందులోంచే పోతుంది. కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటల కంటే తక్కువ ఆడి వెనక్కి ఇచ్చేసినవారి సొమ్ము మొత్తం తిరిగి ఇచ్చేయాలి. రెండు గంటల్లో పూర్తయ్యే చిన్న కథా గేమ్‌లు చేసేవారికి ఈ ఒక్క నిబంధన ఎంత కలవరం కలిగిస్తుందో ఊహించవచ్చు. ఆట నిడివి ఎంతుండాలన్న కళాత్మక నిర్ణయంలోకి కూడా స్టోర్ నిబంధన చొరబడుతుంది.

అసలు పోటీ మాత్రం అమ్మకానికి ముందే మొదలవుతుంది. విడుదల కాని గేమ్‌ను ఆటగాళ్లు విష్‌లిస్ట్‌లో, అంటే కొనాలనుకున్నవాటి జాబితాలో, చేర్చుకోవచ్చు. విడుదల రోజున, ఆ తర్వాత 20 శాతం లేదా అంతకు మించి తగ్గింపు ఇచ్చినప్పుడు, వారందరికీ స్టీమ్ ఈమెయిల్ పంపుతుంది. విష్‌లిస్ట్ ఎంత పెద్దదైతే, రాబోయే గేమ్‌ల జాబితాలో కనిపించే అవకాశం అంత ఎక్కువ. నెక్స్ట్ ఫెస్ట్ పేరుతో జరిగే డెమోల ఉత్సవంలో ఒక గేమ్ ఒక్కసారి మాత్రమే పాల్గొనవచ్చు. కనీసం పది సమీక్షలు వస్తేనే గేమ్ పేజీపై రేటింగ్ కనిపిస్తుంది. అందువల్ల చిన్న స్టూడియోల్లో విడుదల తేదీని గేమ్ పూర్తయ్యే రోజును బట్టి నిర్ణయించరు. పెద్ద గేమ్ ఏదైనా ఆ వారం వస్తోందా, తగ్గింపుల సేల్ ఎప్పుడు, డెమోను ఏ ఉత్సవంలో పెట్టాలి, విష్‌లిస్ట్ ఇంకా ఎంత పెరగాలి అన్న లెక్కలే తేదీని నిర్ణయిస్తాయి. ఒక డెవలపర్ మరో డెవలపర్‌తో ఆట నాణ్యతలో పోటీ పడుతున్నాడని బయటివారికి అనిపిస్తుంది. నిజానికి ఇద్దరూ ఒకే తెరపై కొన్ని అంగుళాల చోటు కోసం పెనుగులాడుతున్నారు.

కమీషన్ ఒక్కటే సమస్య అయితే ఎపిక్ గేమ్స్ దాన్ని ఎప్పుడో పరిష్కరించి ఉండేది. 2018 డిసెంబరులో ఆ సంస్థ సొంత స్టోర్ తెరిచి 12 శాతం చాలంది. డెవలపర్‌కు 70కి బదులు 88 శాతం చేతికొస్తుంది. కొన్ని గేమ్‌లను కొంతకాలం తన స్టోర్‌లోనే ఉంచడానికి ముందస్తు సొమ్మూ చెల్లించింది. ‘కంట్రోల్’ అనే గేమ్ కోసం దాదాపు 95 లక్షల యూరోలు ఇచ్చినట్లు దాని ప్రచురణ సంస్థ పత్రాల్లో బయటపడింది. ఇన్నేళ్లయినా స్టీమ్ స్థానం కదల్లేదు. ఎందుకంటే ఆటగాడి పాత గేమ్‌లన్నీ అక్కడే ఉన్నాయి, స్నేహితులు అక్కడే ఉన్నారు, అతడు చదివే సమీక్షలూ అక్కడే ఉన్నాయి. వంద మంది కొనే చోట 70 రూపాయల చొప్పున రావడం, పది మంది కొనే చోట 88 చొప్పున రావడం కంటే మేలని డెవలపర్లకు ఎవరూ చెప్పనక్కరలేదు.

కమీషన్ తగ్గింపు ఎవరికి దక్కిందో చూస్తే బేరశక్తి ఎక్కడుందో తెలుస్తుంది. ఎపిక్ స్టోర్ తెరవడానికి కొద్ది రోజుల ముందు స్టీమ్ కూడా రాయితీ ప్రకటించింది. గేమ్ అమ్మకాలు కోటి డాలర్లు దాటాక 25 శాతం, 5 కోట్లు దాటాక 20 శాతం మాత్రమే తీసుకుంటుంది. అంటే బాగా అమ్ముడుపోయే వారికే ఊరట. విడిచిపెట్టి వెళ్లగల సత్తా ఉన్నది వారికే కదా. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ 2011లో తన కొత్త గేమ్‌లను సొంత స్టోర్‌కు మళ్లించుకుని 2019లో తిరిగొచ్చింది. యూబీసాఫ్ట్ కూడా 2019లో వెళ్లి 2022 చివర్లో తిరిగి వచ్చింది. ఆపిల్ చేసింది దీనికి తలకిందులు. ఏడాదికి 10 లక్షల డాలర్ల లోపు సంపాదించే చిన్న డెవలపర్లకు 2021 జనవరి నుంచి 15 శాతం చాలంది. అప్పటికే కోర్టులు, ప్రభుత్వాల కళ్లు దానిపై ఉన్నాయి, చిన్నవారిని ఆదుకుంటున్నామని చెప్పుకోవడం దాని అవసరం.

ఒకే గేమ్, అనేక గుమ్మాలు

ఒక ప్లాట్‌ఫామ్‌పై ఆధారపడటం ప్రమాదమైతే, అన్నింటిలోనూ విడుదల చేయవచ్చు కదా అని తోచడం సహజం. పెద్ద కంపెనీలు అదే చేస్తాయి. కానీ ప్రతి కన్సోల్‌కూ వేరే పరీక్ష ఉంది. సోనీ, మైక్రోసాఫ్ట్, నింటెండో మూడింటికీ సొంత నిబంధనావళులు ఉన్నాయి. ఆట మధ్యలో కంట్రోలర్ బ్యాటరీ అయిపోతే తెరపై ఏం కనిపించాలి, సేవ్ అవుతున్నప్పుడు ఏ హెచ్చరిక రావాలి, బటన్ల పేర్లు ఎలా రాయాలి అన్నంత చిన్న విషయాల దాకా అందులో ఉంటాయి. ఒక్కటి తప్పినా గేమ్ వెనక్కి వస్తుంది, విడుదల తేదీ జారిపోతుంది.

2012లో ‘ఫెజ్’ అనే స్వతంత్ర గేమ్‌కు ఎదురైన పరిస్థితి ఇందుకు మంచి ఉదాహరణ. ఎక్స్‌బాక్స్‌లో దానికి విడుదల చేసిన ఒక అప్‌డేట్, ఒక శాతం కంటే తక్కువ మంది ఆటగాళ్ల సేవ్ ఫైళ్లను, అంటే ఆట ఎక్కడిదాకా వచ్చిందో దాచే ఫైళ్లను, పాడుచేసింది. సవరించిన అప్‌డేట్‌ను మళ్లీ పరీక్షకు పంపాలంటే పదుల వేల డాలర్లు అవుతుందని, అంత పెట్టలేమని చెప్పి, ఆ లోపంతోనే అప్‌డేట్‌ను స్టూడియో తిరిగి అందుబాటులో ఉంచింది. తన తప్పును తానే దిద్దుకోవాలన్నా అనుమతికి డబ్బు కట్టాల్సిన స్థితి అది. ఆ రుసుమును మైక్రోసాఫ్ట్ 2013లో ఎత్తేసింది.

పదేళ్ల తర్వాత బెల్జియానికి చెందిన లారియన్ స్టూడియోస్‌కు ఇదే మైక్రోసాఫ్ట్‌తో మరో రకం చిక్కు వచ్చింది. 2023 ఆగస్టులో కంప్యూటర్‌పై, సెప్టెంబరులో ప్లేస్టేషన్ 5పై వచ్చిన బాల్డర్స్ గేట్ 3 ఎక్స్‌బాక్స్‌కు మాత్రం వెంటనే రాలేదు. ఎక్స్‌బాక్స్‌లో శక్తిమంతమైన సిరీస్ ఎక్స్, చౌకైన సిరీస్ ఎస్ అని రెండు నమూనాలు ఉన్నాయి. రెండింటిలోనూ ఒకే సదుపాయాలు ఉండాలన్నది మైక్రోసాఫ్ట్ పట్టు. 16 జీబీ మెమరీ ఉన్న పెద్ద కన్సోల్‌లో తెరను రెండుగా చీల్చి ఇద్దరు ఆడవచ్చు గానీ, 10 జీబీ ఉన్న చిన్నదానిలో అది కుదరలేదు. ఆ ఏడాది అందరి నోటా నానుతున్న గేమ్ తమ కన్సోల్‌పై లేకపోవడం మైక్రోసాఫ్ట్‌కూ ఇబ్బందే. చివరికి చిన్న కన్సోల్‌లో ఆ సదుపాయం లేకుండానే విడుదలకు ఒప్పుకుంది, డిసెంబరులో గేమ్ వచ్చింది. నిబంధన సడలింది నిజమే, అయితే అది లారియన్ అంతటి విజయం సాధించాక సడలింది. పది మంది పనిచేసే స్టూడియో అదే మాట అడిగి ఉంటే ఏ జవాబు వచ్చేదో చెప్పడానికి పెద్ద ఊహ అక్కరలేదు.

పునాది కదిలినప్పుడు

కన్సోల్ మార్చవచ్చు, స్టోర్ మార్చవచ్చు. గేమ్ నిర్మించిన ఇంజన్‌ను మధ్యలో మార్చడం దాదాపు అసాధ్యం. 2023 సెప్టెంబరు 12న యూనిటీ సంస్థ ఒక ప్రకటన చేసింది. మరుసటి ఏడాది జనవరి నుంచి, ఆదాయం, ఇన్‌స్టలేషన్లు ఒక హద్దు దాటిన గేమ్‌లకు, ప్రతి కొత్త ఇన్‌స్టలేషన్‌కూ గరిష్ఠంగా 20 సెంట్ల రుసుము వసూలు చేస్తామంది. అప్పటికే విడుదలై అమ్ముడవుతున్న గేమ్‌లకూ ఇది వర్తిస్తుందని చెప్పడంతో డెవలపర్లు భగ్గుమన్నారు. ఉచితంగా ఇచ్చి, నూటికి ఇద్దరో ముగ్గురో పెట్టే ఖర్చుతో నెట్టుకొచ్చే ఫోన్ గేమ్‌కు, డబ్బు కట్టని మిగతావారంతా ఒక్కసారిగా ఖర్చుగా మారతారు. పది రోజుల్లోనే యూనిటీ నిబంధనలను సడలించింది, అక్టోబరులో దాని ముఖ్య కార్యనిర్వహణాధికారి పదవి వీడారు, సరిగ్గా ఏడాదికి 2024 సెప్టెంబరు 12న ఆ రుసుమునే రద్దు చేశారు. టెరేరియా గేమ్‌ను రూపొందించిన రీ-లాజిక్ సంస్థ, ఎవరి సొత్తూ కాని గోడో ఇంజన్‌కు లక్ష డాలర్లు విరాళంగా ఇచ్చి తన నిరసన తెలిపింది.

ఈ వ్యవహారంలో రుసుము ఎంతన్నది నాకు రెండో విషయంగానే కనిపిస్తుంది. ఐదేళ్లు శ్రమించి చేసిన గేమ్ ఆర్థిక లెక్కను ఒక ప్రకటనతో తిరగరాయవచ్చని తేలిపోయింది, అదీ అసలు దెబ్బ. రుసుము రద్దయినా ఆ భయం రద్దు కాలేదు. 2021 ఏప్రిల్‌లో ఆపిల్ తెచ్చిన మార్పు కూడా ఈ కోవలోదే. ఫోన్ వాడేవారిని యాప్‌లు వెంబడించాలంటే ముందు వారి అనుమతి అడగాలన్నది ఆ నిబంధన. వ్యక్తిగత గోప్యత కోణంలో అది మంచిదే. అదే సమయంలో, డబ్బు ఖర్చు చేసే ఆటగాళ్లను గురిచూసి ప్రకటనలు ఇచ్చుకునే ఉచిత గేమ్‌ల వ్యాపార పద్ధతి రాత్రికి రాత్రే ఖరీదైపోయింది.

ఎపిక్, ఆపిల్‌ల పోరు గురించి చాలామంది విని ఉంటారు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. 2020 ఆగస్టు 13న ఫోర్ట్‌నైట్ గేమ్‌లో ఎపిక్ తన సొంత చెల్లింపు మార్గం పెట్టింది, అదే రోజు ఆపిల్ దాన్ని యాప్ స్టోర్ నుంచి తీసేసింది. 2021 సెప్టెంబరులో వచ్చిన తీర్పులో పది ఆరోపణల్లో తొమ్మిదింట ఆపిల్‌దే పైచేయి. అయితే బయట చౌకగా దొరుకుతుందని ఆటగాళ్లకు చెప్పుకోనివ్వాలని న్యాయమూర్తి ఆదేశించారు. ఆపిల్ ఆ ఆదేశాన్ని పాటిస్తూనే, బయట జరిగిన కొనుగోళ్లపై కూడా 27 శాతం వరకు కోత పెట్టింది. ఇది ఆదేశ ధిక్కారమేనని 2025 ఏప్రిల్ 30న అదే న్యాయమూర్తి తేల్చారు. మే నెలలో ఫోర్ట్‌నైట్ అమెరికా ఐఫోన్లలోకి తిరిగొచ్చింది. దాదాపు ఐదేళ్లపాటు ఒక ప్లాట్‌ఫామ్‌కు దూరంగా ఉండి కోర్టు ఖర్చులు భరించగలిగిన గేమ్ కంపెనీలు ప్రపంచంలో వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే ఉంటాయి.

పైగా ఎపిక్ కూడా ఇప్పుడు ప్లాట్‌ఫామే. అన్‌రియల్ ఇంజన్ దానిది, స్టోర్ దానిది. ఫోర్ట్‌నైట్ లోపల బయటివారు తయారు చేసే ఆటల కోసం 2023 నుంచి నికర ఆదాయంలో 40 శాతం పంచుతోంది. ఆ పంపకంలో ఎపిక్ సొంత ఆటలకూ వాటా ఉంది. యార్డూ తనదే, కాటా తనదే, పక్కనే అమ్మకానికి పెట్టిన రాశి కూడా తనదే అయిన వ్యాపారితో రైతు బేరమాడాల్సి వస్తే ఎలా ఉంటుందో, ఈ రంగంలో డెవలపర్ పరిస్థితి దాదాపు అలా ఉంది. నింటెండో, సోనీ, మైక్రోసాఫ్ట్, వాల్వ్ అన్నీ సొంత గేమ్‌లు చేసేవే.

ఆ వ్యాపారులు కూడా ఇప్పుడు ఎదుటివారి యార్డుకు సరుకు తీసుకెళ్తుండటం ఇటీవలి ఆసక్తికరమైన మలుపు. 6,870 కోట్ల డాలర్లకు యాక్టివిజన్ బ్లిజార్డ్‌ను కొనే ఒప్పందాన్ని 2023 అక్టోబరులో పూర్తి చేసిన మైక్రోసాఫ్ట్, 2024 నుంచి తన సొంత గేమ్‌లను ప్లేస్టేషన్‌పైనా విడుదల చేస్తోంది. గేమ్ నిర్మాణ ఖర్చు పెరిగిన కొద్దీ ఒక్క కన్సోల్ కొనుగోలుదారులతో గిట్టుబాటు కావడం లేదు. సోనీ కూడా కంప్యూటర్ ఆటగాళ్ల కోసం స్టీమ్‌కు రాక తప్పలేదు. 2024 మేలో హెల్‌డైవర్స్ 2 ఆడటానికి స్టీమ్ ఆటగాళ్లు కూడా ప్లేస్టేషన్ ఖాతా తెరవాలని సోనీ పట్టుబట్టింది. ఆ ఖాతా సదుపాయమే లేని 170కి పైగా దేశాలు, ప్రాంతాల్లో గేమ్ అమ్మకం ఆగిపోయింది. లక్షల సంఖ్యలో ప్రతికూల సమీక్షలు వెల్లువెత్తడంతో మూడు నాలుగు రోజుల్లోనే సోనీ వెనక్కి తగ్గింది. గేమ్‌ను రూపొందించిన ఆరోహెడ్ స్టూడియో డెవలపర్లే ఆ రోజుల్లో ఆటగాళ్ల కోపానికి ఎదురు నిలవాల్సి వచ్చింది.

మన దగ్గర

హైదరాబాద్‌లో గేమ్‌ల పని చాలా ఏళ్లుగా జరుగుతోంది. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌కు ఇక్కడ పెద్ద కేంద్రమే ఉంది. అయితే మన దేశంలో ఈ రంగంలో ఎక్కువమంది చేసేది బయటి సంస్థల గేమ్‌లకు పని. సొంత గేమ్ చేసి సొంత పేరుతో అమ్ముకునే స్టూడియోలు తక్కువ. హైదరాబాద్‌కు చెందిన ఆగర్ హెడ్ స్టూడియో 2017లో ‘అసుర’ను స్టీమ్‌పై విడుదల చేసింది. పుణెకు చెందిన నోడింగ్ హెడ్స్ గేమ్స్ 2020 ఆగస్టులో ‘రాజీ’ని ముందుగా నింటెండో స్విచ్‌కు ఇచ్చి, అక్టోబరులో మిగతా ప్లాట్‌ఫామ్‌లకు తెచ్చింది. నింటెండో తన సొంత ప్రచార కార్యక్రమంలో చూపించిన గేమ్‌కు వచ్చే గుర్తింపును ఒక చిన్న భారతీయ స్టూడియో డబ్బు పెట్టి కొనుక్కోలేదు. సుమారు రెండు నెలల ప్రత్యేక హక్కు ఇచ్చి ఆ వెలుగు సంపాదించుకోవడం తెలివైన బేరమేనని నా అభిప్రాయం.

మన దేశంలో ఆటగాళ్లు ప్రధానంగా ఫోన్‌పైనే, అందులోనూ ఆండ్రాయిడ్‌పైనే ఆడతారు. కాబట్టి ఇక్కడ డెవలపర్‌కు ప్లాట్‌ఫామ్ అంటే ముందుగా గూగుల్ ప్లే. చెల్లింపులు తన వ్యవస్థ ద్వారానే జరగాలన్న గూగుల్ విధానాన్ని తప్పుపడుతూ భారత కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరులో రూ.936.44 కోట్ల జరిమానా వేసింది. 2025 మార్చిలో అప్పిలేట్ ట్రిబ్యునల్ దాన్ని రూ.216.69 కోట్లకు తగ్గించింది.

స్టోర్ ఒక్కటే కావడంలో మరో సంగతి కూడా ఉంది. 2020 సెప్టెంబరులో కేంద్రం పబ్‌జీ మొబైల్‌ను నిషేధించింది. దక్షిణ కొరియాకు చెందిన క్రాఫ్టన్ 2021 జులైలో బీజీఎంఐ పేరుతో దాన్ని తిరిగి తెచ్చింది. 2022 జులైలో ప్రభుత్వ ఆదేశంతో గూగుల్, ఆపిల్ స్టోర్ల నుంచి అదీ మాయమై, 2023 మేలో మళ్లీ వచ్చింది. కోట్ల మంది ఆడే ఆటను ఆపడానికి రెండు కంపెనీలకు లేఖ చాలు. దారి ఎంత ఇరుకైతే దాన్ని మూయడం ప్రభుత్వాలకు అంత సులువు. డబ్బు పెట్టి ఆడే ఆటల విషయంలో స్టోర్ అధికారం, ప్రభుత్వ అధికారం రెండూ కలిసిపోయాయి. ప్లే స్టోర్‌లోకి ఫాంటసీ క్రీడలు, రమ్మీ యాప్‌లను మాత్రమే అనుమతిస్తూ గూగుల్ 2022లో ప్రయోగాత్మకంగా ఒక పథకం పెట్టింది. మిగతా ఆటలపై వివక్ష చూపుతున్నారని విన్‌జో సంస్థ ఫిర్యాదు చేయగా, 2024 నవంబరులో కమిషన్ దర్యాప్తుకు ఆదేశించింది. ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లోనే, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్ర చట్టమే వచ్చి, డబ్బు పందెంగా పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నింటినీ దేశమంతటా నిషేధించింది.

పెద్ద డిజిటల్ కంపెనీల ఆధిపత్యానికి హద్దులు పెట్టేందుకు ఉద్దేశించిన డిజిటల్ కాంపిటీషన్ బిల్లు ముసాయిదాను 2024 మార్చిలో కేంద్రం నియమించిన కమిటీ బయటపెట్టింది. దానిపై చర్చ ఎక్కువగా పెద్ద కంపెనీల పరిమాణం, జరిమానాల చుట్టూ తిరుగుతోంది. డెవలపర్ల వైపు నుంచి చూస్తే, యూరోపియన్ యూనియన్ 2020 జులై నుంచి అమలు చేస్తున్న ఒక నియమావళి ఇంతకంటే దగ్గరగా పనికొచ్చేలా ఉంది. ఒప్పంద నిబంధనలు మార్చాలంటే ప్లాట్‌ఫామ్ తనపై ఆధారపడిన వ్యాపారులకు కనీసం 15 రోజుల ముందు చెప్పాలి. జాబితాల్లో ఏది ముందు, ఏది వెనుక అన్న వరుసను నిర్ణయించే ప్రధాన అంశాలేమిటో ఒప్పందంలో రాయాలి. ఎవరినైనా తొలగిస్తే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి, పూర్తిగా సేవలు నిలిపివేసేటట్లయితే సాధారణంగా 30 రోజుల ముందు తెలపాలి. వీటిలో ఒక్కటి కూడా కమీషన్‌ను పైసా తగ్గించదు. అయినా, హైదరాబాద్‌లో నలుగురైదుగురు కలిసి మూడేళ్ల పొదుపును ఒక గేమ్‌పై పెట్టబోయేటప్పుడు, 30 శాతం 25కు తగ్గుతుందన్న హామీ కంటే వారికి ఈ మూడు హామీలే ఎక్కువ అక్కరకొస్తాయి. వీటిని మన చట్టంలో చేర్చడానికి కొత్త సంస్థలూ పెద్ద ఖర్చూ అవసరం లేదు, ముసాయిదా దశలో అడిగితే చాలు.